ఆ పిల్లకు నేనే చెప్పాలి

మా ట్రైనింగ్ మేడం పోయారు. రాశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న పొద్దున ఒంగోలులో కొత్తపట్నం బస్సెక్కారట. సునామీ చూసిన పిల్లలతో ఎలా మెలగాలో అక్కడి టీచర్లకు నేర్పడానికి బయల్దేరారు. ఆఖరి స్టాపులో నిద్రపోతున్నారనుకుని కండక్టరు తట్టి లేపాడట. లేవలేదట. ముందురోజే నాతో ఫోనులో మామిడికాయ పప్పు గురించి వాదించిన మనిషి. ఇదేం చావండీ, చెప్పాపెట్టకుండా? పైగా ఈ కబురు మా బడిలో ఒక పిల్లకు నేనే చెప్పాల్సొచ్చింది.

మాది పత్తి పండే ఊరు. పంట పోయిన ఏడాది ఆ పిల్ల తండ్రి పురుగుమందు తాగాడు. అప్పుడు ఏడో తరగతి. కొన్నాళ్ళకు బడికొచ్చింది గానీ, మొక్కలకు నీళ్ళు పొయ్యమంటే ఇంటికి పరుగెత్తేది. "పొగరండీ," అనేవారు మా హెడ్మాస్టరు. చివరికి రావడమే మానేసింది. తల్లి మిరపకోతలకు వెంటబెట్టుకెళ్ళేది. చదువు అటకెక్కినట్టే అనుకున్నాం.

అప్పుడే మేడం మా బడికొచ్చారు. ఉపన్యాసానికి కుర్చీ వేస్తే, మేం ఆ పిల్ల సంగతి చెప్పగానే పోయి తన బెంచీ మీద కూర్చున్నారు. కిటికీలోంచి కాసేపు చూసి, "ఆ డబ్బాలేంటండీ?" అన్నారు.

"నీళ్ళు పోసేవండీ. పురుగుమందువే, శుభ్రంగా కడిగాం," అన్నారు హెడ్మాస్టరు.

అన్నాక ఆయనకే తట్టింది. ఊళ్ళో ఇంటింటా ఉండే డబ్బాలే. మా ఎవరి కళ్ళకూ ఆనలేదు. మేడం ఎవరినీ తప్పుపట్టలేదు. "పిల్లకేమైందో తర్వాత చూద్దాం. పిల్లకేం కనిపిస్తోందో ముందు చూడండి," అన్నారు. డబ్బాలు పోయి బక్కెట్లొచ్చాయి. మేడమే మిరపచేలోకి వెళ్ళి, తుమ్ముకుంటూనే తల్లిని ఒప్పించారు. పిల్ల తిరిగొచ్చింది. అప్పట్నుంచీ మేడం నెలకోసారి వచ్చి తనను చూసి వెళ్ళేవారు.

మేడం మమ్మల్ని గట్టిగా కేకలేసేది ఒక్క విషయంలోనే. "పోయినవాళ్ళు ఊరెళ్ళారని పిల్లలకు చెప్పకండి. పాపం, బస్టాండు వైపు చూస్తూ కూర్చుంటారు."

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఇవాళ అన్నం బెల్లు కొట్టగానే నా దగ్గరకొచ్చి, "ఈ నెల మేడం ఎప్పుడొస్తారు టీచర్?" అనడిగింది.

ఊరెళ్ళారమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మేడం చనిపోయారమ్మా. బస్సులో గుండె ఆగిపోయింది," అన్నాను. చెప్పి, పెద్దదాన్నయ్యుండీ నేనే ఏడ్చేశాను.



"నిజమే చెప్పారు టీచర్. మీరు అన్నం తిన్నారా?" అంది పిల్ల.

తల అడ్డంగా ఊపాను. తన క్యారేజీ మూత తీసి, గోంగూర కలిపిన ముద్ద నా చేతిలో పెట్టింది. తను తినకుండా, నేను తినేదాకా చూస్తూ నిలబడింది.