మెయ్ అడిగిన ప్రశ్న

మొన్న పెండిల్ హిల్‌లో ఒక దుకాణంలో ఎర్ర అట్ట నోట్‌బుక్ చూడగానే మెయ్ గుర్తొచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని వైటూకే గోల నడుస్తున్న ఏడు చైనా నుంచి వచ్చి, బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల. ఇంగ్లిష్ మాటలకు ఎవరు ఏ అర్థం చెప్పినా అలాంటి పుస్తకంలోనే రాసుకునేది. 'బగ్' కింద పురుగు, జలుబు, విసిగించడం అని మూడు రాసుకుంది.

"ఇంకోటుంది. కంప్యూటర్‌లో తప్పు. మా నాన్న అవే సరిచేస్తారు," అన్నాను గొప్పగా.

"అన్నీ సరిచేసేశాక ఏం చేస్తారు?" అంది మెయ్, రాసుకుంటూనే.

ఆ రోజు ఇంట్లో అన్నం సయించలేదు. మంచం కింద, మేం ఈ దేశం వచ్చినప్పుడు తెచ్చుకున్న సూట్‌కేసులు కనబడుతున్నాయి.

"నాన్నా, ఒక్క బగ్ వదిలెయ్. ఆఫీసులో ఎవరికీ చెప్పకు."

అమ్మ పడీపడీ నవ్వింది. "విన్నారా, మీ కూతురు మీకు పని కల్పిస్తోంది."

నాన్న నవ్వలేదు. "అట్లా చేయకూడదు తల్లీ," అని మజ్జిగన్నం కలుపుతూనే ఉండిపోయారు.

కోపం వచ్చిందనుకుని భయపడ్డాను. డిసెంబరుతో ఆయన కాంట్రాక్టు అయిపోతోందని, ఆ సంగతి అప్పటికింకా అమ్మకు చెప్పలేదని చాలా ఏళ్లకు తెలిసింది.