మా వీధికి రాని స్కేటింగ్ పార్కు

మా కొట్టు వెనక ఖాళీ స్థలానికి నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక దయ్యాన్ని కాపలా పెట్టాడు. ఆ దయ్యానికి అయిన ఖర్చు ఎంతో ఇంట్లో అందరికన్నా దగ్గరగా చూసినదాన్ని నేను. చూసి కూడా, మనవలున్న ఈ వయసులో, అలాంటిదాన్నే ఇంకొకదాన్ని మా కాలనీలో నిలబెట్టి, స్కేటింగ్ పార్కు కట్టబోతున్న మునిసిపాలిటీ వాళ్ళని వెనక్కి పంపించాను. అసోసియేషన్ వాళ్ళు అర్జీలు పెట్టి, మీటింగుల మీద మీటింగులు పెట్టి సాధించలేనిది పొద్దున్న నడకలో ఒకే ఒక్క ప్రశ్నతో సాధించాను. కడియం నర్సరీల్లో నేను బేరానికి దిగితే మొక్కలవాళ్ళు ముందు కుర్చీ వేసి, తర్వాత దండం పెడతారు. అలాంటి నా జన్మలో చేసిన బేరాలన్నిట్లోకీ పెద్దది ఇదే. ఎంత పెద్దదో తెలియాలంటే ముందు తాతయ్య సంగతి చెప్పాలి.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గరగా, బజారులో మాది లాంతర్ల కొట్టు. లాంతర్లకన్నా వాటి గాజు చిమ్నీలే ఎక్కువ అమ్ముడయ్యేవి. ఎండుగడ్డిలో పొదిగిన చిమ్నీలు చెక్కపెట్టెల్లో రైలు మీద వచ్చేవి. కొట్టు వెనక ఖాళీ స్థలంలో పెట్టెలు విప్పి, ఒక్కొక్క చిమ్నీనీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, పగులు లేదని తేల్చుకున్నాక తాతయ్య వరసగా పేర్చేవాడు. ఆ స్థలం మాది కాదు. ఎవరిదో ఎవరికీ తెలియదు. తెలియనంత కాలం మాదేనని తాతయ్య లెక్క. తమదేనని బజారు పిల్లల లెక్క. సాయంత్రమయ్యేసరికి గూటీబిళ్ళ మొదలయ్యేది. బిళ్ళ గాల్లోకి లేచిందంటే దిగేది చిమ్నీల మీదే. తాతయ్య అరిచాడు, బతిమాలాడు, చివరికి వాళ్ళ నాన్నల దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాడు. ఆ నాన్నలు కూడా కొట్లవాళ్ళే కనక, స్థలం తాలూకు కాగితాలు ఏమైనా ఉన్నాయా అని మహా మర్యాదగా అడిగి పంపించారు.

మా తాతయ్యకి అమ్మకంలో ఒక పద్ధతి ఉండేది. తన సరుకుని తను ఎప్పుడూ పొగిడేవాడు కాదు. పాత ఖాతాదారు ఎవరైనా వస్తే చిమ్నీ తీసి చేతిలో పెట్టి, పోయినసారి పట్టుకెళ్ళింది ఎన్నాళ్ళు వచ్చిందండీ అని అడిగి ఊరుకునేవాడు. అది ఎన్నాళ్ళు వచ్చిందో, ఏ గాలికి తట్టుకుందో ఆ ఖాతాదారే కొట్లో ఉన్న కొత్తవాళ్ళందరికీ వినబడేలా చెప్పేవాడు. ఈలోపు తాతయ్య పొట్లం కట్టడానికి దారం వెతుక్కుంటూ ఉండేవాడు.

ఒక సాయంత్రం ఆ పద్ధతే పిల్లల మీద వాడాడు. నేను పక్కనే కూర్చుని వత్తులు చుట్టలు చుడుతున్నాను. పిల్లల్లో కాస్త పెద్దవాణ్ణి పిలిచి, చేతిలో చిమ్నీ తుడుచుకుంటూ, "ఒరేయ్, నిన్న దీపాల వేళ ఆ గోడ మూల నిలబడిందే, ఆవిడెవర్రా? మీవాళ్ళేనా?" అన్నాడు. అక్కడ ఎవరూ లేరన్నాడు వాడు. "ఓహో, అలాగా," అని తాతయ్య మళ్ళీ చిమ్నీ తుడవడంలో పడిపోయాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

మర్నాటికి ఆవిడకి తడిచీర వచ్చింది. ఆ మరుసటి రోజుకి జుట్టు విరబోసుకుంది. తర్వాత ఎవరి ఇంటి కోడలో, ఏ రేవులో మునిగిపోయిందో, ఎవరి కోసం ఎదురుచూస్తోందో అన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వారం తిరక్కుండా స్థలం ఖాళీ అయిపోయింది. చిమ్నీలు ఎండలో తళతళలాడుతూ ఎక్కడివక్కడే ఉన్నాయి. తాతయ్య నాకేసి చూసి కన్నుగీటాడు. ప్రపంచంలో ఇంత తెలివైన మనిషి మా ఇంట్లోనే ఎందుకు పుట్టాడా అని మురిసిపోయాను.

మా దగ్గర చిమ్నీలు కొనేవాళ్ళలో ఎక్కువమంది లంకల్లోంచి వచ్చే పడవలవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ, చేపలు పట్టే ఇంటి కోడలు, కావలసింది కొనుక్కుని, మొగుడు రేవులో సరుకు దించుకునేదాకా ఆ స్థలం మూల నిలబడేది. అక్కణ్ణించి పడవ కనపడుతుంది. నన్ను బుల్లెమ్మా అని పిలిచేది. తాతయ్య ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన మనసులో ఈవిడ లేదు. అసలు ఎవరూ లేరు. ఏటి మీద పని తగిలి ఆ నెలలో ఆవిడ రాలేదు కూడా. మళ్ళీ వచ్చిన రోజున మాత్రం జల్లు పడుతోంది. వెలిగించని లాంతరు చేత్తో పట్టుకుని, తల తడవకుండా కొంగు కప్పుకుని, ఎప్పటిలాగే ఆ మూల నిలబడింది.

గడ్డి తడిసిపోతుందని లోపలికి తేవడానికి నేను వెనక తలుపు తీశాను. దయ్యాన్ని తయారుచేస్తుండగా పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. ముడిసరుకు ఏమిటో తెలిసినదాన్ని. అయినా ఆ మసకలో నాకు కనపడింది బుల్లెమ్మా అని పిలిచే ఆవిడ కాదు. తడిచీర. ఇంత గొంతు పెట్టుకుని అరిచాను. ఆ కేకకి అటుగా పోతున్న పిల్లలు పరిగెత్తుకొచ్చి, దూరం నుంచే రాళ్ళు విసిరారు. ఒక రాయి ఆవిడ చేతిలో లాంతరుకి తగిలి, అప్పుడే మా కొట్లో కొన్న చిమ్నీ ఆవిడ అరచేతిలోనే పగిలింది.

తాతయ్య ఆవిణ్ణి పెట్టె మీద కూర్చోబెట్టి, కళ్ళజోడు సర్దుకుని, గాజు ముక్కలు ఒక్కొక్కటే తీశాడు. ఆవిడ ఏడవలేదు. "నేనేం చేశానండి బాబుగారూ? ఎప్పుడూ వచ్చే మనిషినే గదండి," అంది. ఆ అరచేతి మీదనుంచి తాతయ్య తల ఎత్తలేదు. ఆవిడ మొగుడు వచ్చి తీసుకువెళ్ళాక మాత్రం తలెత్తాడు. అప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రాత్రికే పిల్లల్ని పోగుచేసి, దయ్యం లేదు, నేనే పుట్టించానని చెప్పాడు. సరేనండీ అంటూనే వాళ్ళు వెనక్కి అడుగులు వేశారు. మర్నాడు కొట్టు కొట్టుకీ తిరిగి చెప్పాడు. బజారువాళ్ళు జాలిగా నవ్వారు. అప్పటికే పడవలవాళ్ళు ఆ సందు మానేసి వేరే కొట్టుకి పోతున్నారు. బేరాలు పోతున్నాయని పాపం దయ్యాన్ని దాచిపెడుతున్నాడు అనుకున్నారు. ఎంత గట్టిగా లేదంటే అంత గట్టిగా ఉన్నట్టయింది. ఇక చేసేది లేక తాతయ్య దీపాల వేళకి ముక్కాలిపీట వేసుకుని స్వయంగా ఆ మూల కూర్చోవడం మొదలుపెట్టాడు. పక్కన వెలుగుతున్న లాంతరు, కాళ్ళ దగ్గర చిమ్నీల వరస. సందులో పోయే పిల్లల్ని పిలిచేవాడు. రండ్రా, ఆడుకోండ్రా, పగిలితే పగిలాయి అని బతిమాలేవాడు. వాళ్ళు పరుగు తీసేవారు. ఆవిడ మా తాతయ్యని కూడా పట్టేసిందని కొద్దిరోజులకి బజారంతా చెప్పుకున్నారు.

ఒకసారి మజ్జిగ తీసుకువెళ్ళినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నేను అబద్ధం ఆడలేదే అమ్మడూ, అడిగానంతే," అన్నాడు. "అబద్ధం ఆడితే తప్పయిందని వెనక్కి తీసుకుందును. అడిగినదాన్ని ఎలా తీసుకోను?" ఆయన చెప్పింది పాఠం. నాకు పట్టుబడింది కిటుకు.

ఇప్పుడు మా కాలనీ సంగతి. నా ఇంటి గోడ పక్కనే మునిసిపాలిటీ స్థలం ఉంది. కడియం నుంచి బేరమాడి తెచ్చిన నా కుండీలు కొన్నేళ్ళుగా గోడ దాటి, ఒక్కొక్క అడుగే వేస్తూ అందులోకి నడిచి వెళ్ళాయి. తాతయ్య మనవరాల్ని కదా. మా వీధి పిల్లలు బళ్ళ మధ్య తారు రోడ్డు మీదే చక్రాల చెక్కలు, అదే స్కేటుబోర్డులు, తొక్కేవారు. వాళ్ళకి నేర్పేది కడియంలో లారీలకి మొక్కలు ఎక్కించే ఒక కుర్రాడు. ఫోనులో చూసి తను నేర్చుకున్నాట్ట. ఆదివారం ఆదివారం వచ్చి, డబ్బు ముట్టుకోకుండా నేర్పేవాడు. పిల్లలు రోడ్డు మీద పడుతున్నారని తల్లిదండ్రులు పార్కు అడిగారు. మునిసిపాలిటీ సరేనని స్థలంలో సున్నంతో గీతలు కూడా గీసింది. గీత నా కుండీల మధ్యనుంచి పోయింది.

వ్యతిరేకించడానికి మనుషులు దొరక్కపోలేదు. చక్రాల చప్పుడుకి బీపీ పెరుగుతుందని బ్యాంకులో రిటైరైన మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు లెక్చరిచ్చారు. చెక్కలు తొక్కడానికి తవ్వే గుంటల్లో వాననీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయని ఒకరు, నిడదవోలు నుంచి కుర్రాళ్ళు రైలెక్కి మరీ చెక్కలేసుకుని దిగుతారని ఇంకొకరు. మీటింగుకి వచ్చిన మునిసిపాలిటీ ఇంజనీరుగారు అన్నిటికీ నవ్వుతూ జవాబు చెప్పారు. ఓడిపోతున్నామని నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున్న నడకలో ఎదురింటావిణ్ణి అడిగాను: "సాయంత్రాలు ఆ స్థలం పక్కన బండి ఆపుకుని పిల్లలకేసి చూస్తూ నిలబడతాడే, ఆ మనిషి ఎవరండీ, మీకేమైనా తెలుసా?"

అలాంటి మనిషి లేడు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో అతనికి హెల్మెట్ వచ్చింది. రాత్రికి సంచీ వచ్చింది, అందులోకి చాక్లెట్లు వచ్చాయి. తాతయ్య రోజుల్లో వారం పట్టిన పని ఒక్క పూటలో అయిపోయింది. పిల్లల్ని తల్లులు లోపలికి పిలుచుకున్నారు. పార్కు అడిగినవాళ్ళే వద్దని సంతకాలు పెట్టారు. నేను వరండాలో కూర్చుని కాఫీ తాగాను.

ఆదివారం ఆ కుర్రాడు ఎప్పటిలాగే వచ్చాడు. హెల్మెట్ ఉంది. సంచీ ఉంది. మగవాళ్ళు నలుగురు అడ్డంపడి సంచీ రోడ్డు మీద బోర్లించారు. మోకాళ్ళకి కట్టుకునే పట్టీలు, దూది, కట్టుగుడ్డ, పడినపుడు ఏడ్చే పిల్లలకి ఇవ్వడానికి చాక్లెట్లు. ఆ చాక్లెట్లు చూశాక ఇక ఎవరూ ఏమీ అడగలేదు, చేతులు లేచాయి. అతను నా వరండాకేసి చూశాడు. "మామ్మగారూ, మీరు చెప్పండి. ప్రతీ వారం మీ ముందే గదండి ఉంటాను," అన్నాడు.

నా మోకాళ్ళు ఎంత దిగనిస్తే అంత తొందరగా మెట్లు దిగాను. అలాంటి మనిషి లేడు, నేనే పుట్టించాను, కుండీల కోసం పుట్టించాను అని అందరి మధ్యా నిలబడి చెప్పాను. ఎదురింటావిడ నా భుజం పట్టుకుంది. ప్రెసిడెంటుగారు చాలా మర్యాదగా, "మీరు పెద్దవారు, జాలిపడుతున్నారు. వాడు మీకేమైనా చేస్తాడని భయం అక్కర్లేదండి. లోపలికి వెళ్ళండి, మేం చూసుకుంటాం," అన్నారు. పిల్లలు అప్పటికే గేట్ల వెనక్కి పరిగెత్తారు. పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్ళి, ఏమీ లేదని పొద్దుగూకేలోపు పంపించేశారట. ఆ సంగతి గ్రూపులో ఎవరూ పెట్టలేదు. నేను పెట్టాను. దాని కింద ఎవరో నమస్కారం బొమ్మ పెట్టారు, అంతే.

తర్వాత కడియం వెళ్ళి వెతికాను. లారీ పక్కన గులాబీ మొక్కలు అందిస్తూ కనిపించాడు. పెదవి మీద గాయం ఇంకా మానలేదు. ఏమిచ్చి సర్దుకోవాలో తెలియక, చేతికి వచ్చిన అలవాటు కొద్దీ, కొత్త చెక్క కొనిస్తాను, మళ్ళీ రమ్మని మొదలుపెట్టాను. మధ్యలో నా మాట నాకే వినబడి ఆపేశాను.

"ఆయ్, మీరు అబద్ధమని చెప్పడం విన్నానండి," అన్నాడు. "మీ మీద నాకేం లేదండి. నాకేమీ వద్దండి. పిల్లలు నన్ను చూసి పరిగెత్తారు గదండి, అది చూశాక ఇంక చెక్క ఎక్కలేకపోతున్నానండి." ఎండ ఎక్కుతోంది, ఆటో దొరకదని నన్ను రోడ్డుదాకా దిగబెట్టి, మొక్కల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక బిల్లు. నాకు ముట్టింది కుండీలకి చోటు, వీధికి నిశ్శబ్దం. అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు సాయంత్రాలు పిల్లల గొంతు కూడా వినపడదు. అప్పుడప్పుడు ఒక బిడ్డ కిటికీలోంచి నన్ను, అతను మళ్ళీ వచ్చాడా మామ్మగారూ అని అడుగుతుంది. ఎవరూ లేరమ్మా అంటాను. ఆ మాట అంటూనే నేను కూడా స్థలం వైపు ఒకసారి చూస్తాను. నా చేతినుంచి పోయింది ఏమీ లేదు, పోయినదంతా అతనిది. అతను ఎంతో ఇష్టపడి నేర్చుకున్న ఒక్క పనీ, పిల్లలు ఎదురొచ్చే ఒక్క వీధీ. నా జమ కింద వేసుకుందామంటే మెట్లు దిగి నిజం చెప్పాననే ఒక్క ముక్క ఉంది. అది దెబ్బలు పడ్డాక చెప్పిన ముక్క కనక కొట్టేశాను. మిగిలిన బాకీ అంతా నాదే. కట్టడానికి వెళ్ళాను, అతను పుచ్చుకోలేదు.