టీచరమ్మకు మిగిలిన దూరం

మొన్న సోమవారం ఆఫీసులో మీటింగులో ఉండగా టీచరమ్మ కూతురి నుంచి ఫోన్ వచ్చింది. ఆ వేళప్పుడు ఆమె ఎప్పుడూ చేయదు. బయటికి వచ్చి తీశాను. "అక్కా, అమ్మ పోయింది" అంది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నారట. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట. "వస్తున్నా" అన్నాను. లోపల ఎవరో నా పేరు పిలుస్తున్నారు.

టీచరమ్మ నాకు చుట్టం కాదు. నిరుడు కూకట్‌పల్లికి మారేదాకా మేం కొండాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా తలుపుకు ఎదురు తలుపు ఆమెది. ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త చాలా ముందే పోయారు. బ్యాంకులో పనిచేసే కూతురితో ఉండేవారు.

నేను వెళ్లేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. కొందరికి తలలు నెరిశాయి. చివరిసారి చూడడానికి లోపలికి వెళ్లేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వాళ్లంతా వరుసలో నిలబడ్డారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది.

ఆమె ఇంట్లో ఉన్నా జుట్టు గట్టిగా ముడి వేసుకునే ఉండేవారు. సాయంత్రాలు కారిడార్‌లో కుర్చీ వేసుకుని కూరగాయలు తరిగేవారు. నేను ల్యాప్‌టాప్ సంచీ మోసుకుంటూ లిఫ్టు దిగగానే నా ముఖం చూసి, చేతిలో బెండకాయ పట్టుకునే డ్రిల్లులో పిల్లలకు చెప్పినట్టు "విశ్రాం!" అని అరిచేవారు. నా భుజాలు వాటంతటవే కిందికి జారేవి. "ఆఫీసుల అందరూ పొద్దంత సావధాన్‌లనే ఉంటరా ఏంది?" అని నవ్వేవారు. మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఆ కేక విని చేతిలో గ్లాసు వదిలేశారు. తర్వాత వాళ్లిద్దరూ ఎంత స్నేహితులయ్యారంటే, నాకు టీ ఇచ్చేవాళ్లు ఉండేవారు కాదు.

మా ఆఫీసుల వైపు ఏటా ఒక పరుగు పందెం పెడతారు. ఐదు కిలోమీటర్లు. మా టీములో అందరూ పేర్లిచ్చారని నేనూ ఇచ్చాను. ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం తెచ్చుకున్న రోజు టీచరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఎవలైన ఉరకొచ్చా?" అని అడిగారు.

"ఎవరైనా పరిగెత్తచ్చండి. మీ వయసువాళ్లు కూడా వస్తారు."

"మరి నా పేరు గూడ రాయి."

నవ్వులాటకు అన్నారనుకున్నాను. కాదు. చిన్నప్పుడు స్కూల్లో ఆమెను మించి పరిగెత్తేవాళ్లు లేరట. జిల్లా పోటీలకు ఎంపిక చేశారట. బయల్దేరే ముందు రోజు ఇంట్లో పెళ్లిచూపులు పెట్టారు. "గంతే, ఇగ పోలే" అన్నారు, బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా. "ఎంతమంది పిల్లలకు నంబరు పెట్టిననో బిడ్డా. నాకు ఎవలూ పెట్టలే."

కుడి మోకాలు ఆమెకు ఎప్పటినుంచో నొప్పి. అరిగిందని, నడక మంచిదే గాని పరుగు వద్దని డాక్టర్ చెప్పారు. కూతురు నా మీద మండిపడింది. "మీరు ఎగేస్తున్నరు అక్కా. రేపు ఆమె మంచాన పడితే ఎవరు చూస్తరు?" టీచరమ్మే అందుకున్నారు. "కాలు నాది, నొప్పి నాది. జర నా ఇష్టం గూడ నాకు ఉండనియ్యి."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే మా వీధిలో ఇద్దరం కాసేపు నడక, కాసేపు పరుగు. ఆమె నాకు ఊపిరి తీయడం నేర్పారు. "ఉరుకుడు కాళ్లతోని కాదు, ఊపిరితోని" అనేవారు. ఆగినప్పుడల్లా ఒక చేత్తో మోకాలు నొక్కుకునేవారు. నేను చూస్తే చెయ్యి తీసేసేవారు.

పందెం రోజు ఆమె సల్వార్ కమీజు వేసుకున్నారు. నంబరు నేనే పిన్నులతో పెట్టాను. మెడ వంచి దాన్ని చూసుకుని, "సక్కగుందా?" అన్నారు. మొదలవగానే కుర్రకారంతా మమ్మల్ని దాటుకుని పోయారు. ఆమె తొందరపడలేదు. దారిలో గాజు మేడల్ని చూపిస్తూ, "ఇక్కడంత బండలే ఉండె. మేకల వెంట ఉరికినం" అని చెప్పారు. పక్కనున్న పల్లెలోనే పుట్టిన మనిషి. ఆ పల్లెలో ఇప్పుడు వాళ్ల గుడి ఒక్కటే మిగిలిందట.

ఫ్లైఓవర్ ఎక్కడం కష్టమనుకున్నాను. ఆమె అనాయాసంగా ఎక్కేశారు. దిగేటప్పుడు వచ్చింది కష్టం. సగం దిగామో లేదో అడుగు తడబడింది. పక్క గోడ పట్టుకుని ఆగారు. పెదవి కొరుక్కుని మళ్లీ కదిలారు. కిందికి చేరేసరికి ముఖం పాలిపోయింది. డివైడరు మీద కూర్చుండిపోయారు. మోకాలు ఉబ్బినట్టు బట్ట మీంచే తెలుస్తోంది.

"మెల్లగా నడుద్దామండి. ఇంకెంతో లేదు, నా భుజం పట్టుకోండి" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. "ఇంతసేపు మోకాలుకు నేను చెప్పిన. ఇప్పుడు అది చెప్తుంది, నేను వినాలె."

"మరి ఇంత కష్టపడి..."

"నువ్వు ఉరుకు. నా కోసం కూసుంటే ఇద్దరం ఆగినోళ్లమైతం. పో!"

డ్రిల్లు టీచరు గొంతు అది. కాదనలేకపోయాను. వెనక్కి చూసుకుంటూనే పరిగెత్తాను. ముగింపు గీత దాటినప్పుడు ఎవరో మెడలో పతకం వేశారు. దాని బరువు తప్ప నాకేమీ తెలియలేదు.

అంబులెన్సులో ఆమెను అక్కడి వైద్యుల టెంటు దగ్గరికి తీసుకొచ్చారు. మోకాలి మీద ఐసు పెట్టారు. అక్కడ సాయం చేస్తున్న అమ్మాయి ఆమెకూ ఒక పతకం తెచ్చింది. "అందరికీ ఇస్తున్నాం, తీసుకోండి ఆంటీ" అంది ప్రేమగా. టీచరమ్మ ఆ అమ్మాయి చెంప నిమిరి, "ఉరికినోళ్లకు ఇయ్యి బిడ్డా" అని వెనక్కి ఇచ్చేశారు. ఇంటికి వచ్చేదాకా కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తలుపు తీసిన కూతురు తల్లి చెయ్యి తన భుజం మీద వేసుకుని లోపలికి నడిపించింది.

తర్వాత చాలా రోజులు ఆమె కర్ర పట్టుకుని నడిచారు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, ఫిజియోథెరపీ వాళ్లు చెప్పిన కసరత్తులు చేసేవారు. పందెం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చలి తగ్గాక ఒక ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. తీస్తే ఎదురుగా టీచరమ్మ. మామూలు నేత చీర, కాళ్లకు బూట్లు.

"నడువ్ పోదాం. జర మిగిలింది గద" అన్నారు.

ఏం మిగిలిందో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆమె వెనకాల కూతురు వచ్చింది. అడ్డుకుంటుందేమో అనుకున్నాను. ఆమె చేతిలో మోకాలి పట్టీ ఉంది. తల్లి ముందు కింద కూర్చుని, చీర కాస్త పైకి జరిపి పట్టీ తొడిగింది. "మెల్లగ పోండి" అంది. ఎవరి వైపూ చూడలేదు. టీచరమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచారు.

ఆటోలో ఫ్లైఓవర్ కిందికి వెళ్లాం. ఆమె కూర్చుండిపోయిన చోటు వెతికి పట్టుకున్నారు. అక్కణ్నుంచి మొదలుపెట్టారు. సెలవు రోజు కదా, రోడ్డు దాదాపు ఖాళీ. నైట్ షిఫ్టు దిగినవాళ్లు క్యాబుల కోసం నిలబడి ఉన్నారు. కొంత దూరం నడిచాక ఆమె కొంగు నడుముకు దోపుకున్నారు. అడుగులు చిన్నవి చేసి పరుగందుకున్నారు. పరుగు అనడానికి లేదు, నడక కన్నా కాస్త ఎక్కువ. ఒక సెక్యూరిటీ ఆయన కుర్చీలోంచి లేచి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఊపిరి చప్పుడే వింటూ ఉన్నాను.

పందెం రోజు ముగింపు కమాను కట్టిన చోట ఇప్పుడేమీ లేదు. "ఇక్కడేనండి" అన్నాను. ఆమె ఇంకో నాలుగడుగులు ఎక్కువే వేసి ఆగారు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం కేసి చూశారు. కళ్లు తుడుచుకున్నారు. చెమటే అనుకోమన్నట్టు నా వైపు తిరిగి, "ఎండ మొదలైంది" అన్నారు.

తిరుగు దారిలో సిటీ బస్సెక్కాం. ఎవరు సీటు ఇవ్వబోయినా వద్దనే మనిషి, మెడలో ఆఫీసు కార్డున్న ఒక పిల్ల లేవగానే ఆరోజు మారు మాట్లాడకుండా కూర్చున్నారు. నొప్పి కాలు నడవాలోకి చాపుకున్నారు. ఆడవాళ్లకు ఉచితమని కండక్టరిచ్చిన జీరో టికెట్టు గుప్పిట్లో అలాగే ఉంది. బస్సు మలుపు తిరిగేలోపే కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. ముడి వదులై నెరిసిన జుట్టు చెంప మీద పడింది. ఆ ముడి వదులవడం నేనెప్పుడూ చూడలేదు.

మా స్టాపు వచ్చింది. లేపుదామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. బస్సు కదిలింది.