మాటల డబ్బి

నేతోళ్ల సంఘం షెడ్డుల ఒక కొసన స్వరాజ్యం, ఇంకో కొసన యాదలక్ష్మి. ఇరవై రెండేండ్ల సంది ఇదే తీరు. ఇద్దరి నడుమ పడుగు. నూలు పోగులను బారుగ పరిచి, తెగినకాడ అతికి, సాపు జేసి, మగ్గాలోళ్లకు చుట్టి ఇచ్చుడు వాళ్ల పని. పడుగు పరవాలంటె పొడుగు జాగ గావాలె. ఎనకట ఇంటి ముంగట బజార్లనే పరిచేటోళ్లు. ఇప్పుడు సిద్దిపేటల ఏ గల్లీల సూసినా కార్లు, బండ్లు. ఆ రేకుల షెడ్డొక్కటే మిగిలింది. అది పోతే ఇద్దరి చేతుల పని పోయినట్టె.

స్వరాజ్యానికి అరవై ఎనిమిదేండ్లు. గొంతు మాత్రం ముప్పై దాటలేదు. "గుంజు యాదలక్ష్మీ! ఇంక గుంజు! పొద్దుగాల తిన్నవా, తినలేదా?" అని ఒర్రితె షెడ్డు రేకులు గడగడలాడుతయి. యాదలక్ష్మిది సన్నటి గొంతు. ఆ కొసకెల్లి ఆమె ఏమన్నా ఈ కొసకు వచ్చేసరికి మాయమైతది. అది తనదాక రావాలని స్వరాజ్యం గూడ ఎన్నడు కోరుకోలె.

లొల్లి మొదలైంది వానకాలంల. సంఘం సెక్రటరీ వెంకటేశం మీటింగు పెట్టి, షెడ్డును సామాన్ల గోదాముకు ఇచ్చేద్దామన్నడు. స్వరాజ్యం లేసి నిలవడి దులిపిచ్చింది.

"మీ అవ్వ గీ షెడ్డులనే పడుగు పరుసుకుంట నిన్ను సాదింది. దీన్ని గోదాముకిస్తవా? మమ్ముల గూడ మూటగట్టి అండ్లనే పడేయి, ఒక పని అయిపోతది!"

ఆడోళ్లందరు నవ్విన్రు. వెంకటేశం తలకాయ వంచుకున్నడు. గెలిచిననుకొని ఆమె ఇంటికొచ్చి కడుపునిండ తిన్నది.

పదిరోజులకు వెంకటేశం తీర్మానాల బుక్కు తెచ్చి సూపెట్టిండు. షెడ్డు ఖాళీ చేసేటందుకు సభ్యులందరు ఒప్పుకున్నరని రాసున్నది. దానికింద వరుసగ సంతకాలు. అన్నిటికంటె మీద, గుండ్రటి అచ్చరాలల్ల, స్వరాజ్యం.

"నేనెప్పుడు ఒప్పుకున్న?"

"సంతకం నీదే గద చిన్నమ్మా."

"నేనేమన్ననో పదిహేను మంది ఇన్నరు!"

"ఇన్నది ఎవలకు గుర్తుంటది? బుక్కుల ఉన్నదే లెక్క. ఇంకో మీటింగున్నది, ఏమన్న ఉంటె అప్పుడు చెప్పు. బతుకమ్మ పండుగ అయినంక తాళమేస్తం."

స్వరాజ్యానికి ఒళ్లు మండిపోయింది. ఆమె వేలిముద్ర మనిషి గాదు. బడికి పోయింది రెండేండ్లే అయినా, పేరు రాసుడు పట్టుబట్టి నేర్సుకున్నది. ఏ మీటింగుకైనా అందరికంటె ముందు పోయి, మొదటి సంతకం తను జేసి, పెన్ను పక్కదానికి అందిచ్చుడు ఆమెకు పెద్ద గొప్ప. "సదవకుండ సంతకం పెట్టేదాన్నా నేను? వాడే ఏదో మతలబు జేసిండు" అని తేల్చేసింది. ఇగ తన నోటి మాటను పట్టి ఉంచే వస్తువు ఒకటి గావాలె.

"ఫోన్ల రికార్డు అయితది గదత్తా" అన్నది కోడలు సంధ్య.

"నీ ఫోన్ల గడియకోసారి మీ అవ్వ మాట్లాడతది. షెడ్డు సంగతి పోయి మీ అవ్వ మోకాళ్ల నొప్పులు రికార్డయితయి."

పాత బస్టాండు కాడ ఫోన్లు, రేడియోలు అమ్మే రమేశ్ దుకాణానికి పోయింది. పిడికిట్ల పట్టే మాటల డబ్బి గావాలన్నది. రమేశ్ మూడు తీసి సూపెట్టిండు.

"ఇది సూడు అవ్వా, అచ్చం పెన్ను లెక్క ఉంటది. జేబుకు పెట్టుకుంటె ఎవలకు తెల్వది."

"నా రైకకు జేబున్నదా? కండ్లు పెట్టి సూసి చెప్తున్నవా, ఊకెనే చెప్తున్నవా?"

రెండోది వేలెడంత ఉన్నది. "మనం మాట్లాడితేనే నడుస్తది. ఊకుంటె దానంతటదే ఆగుతది" అని మురిసిపోయిండు రమేశ్.

"ఆగింది మల్ల మొదలయ్యేటాల్లకు ముంగటి మాట మింగితే? మాటలు మింగే మిషిన్ నాకొద్దు. ఆ పని మా సెక్రటరీ మంచిగనే చేస్తుండు."

మూడోది అగ్గిపెట్టె కంటె జరంత పొడుగు. పక్కన ఒక మీట. ముందుకు జరిపితె మాటలు పట్టుకుంటది, ఎనుకకు జరిపితె ఆగుతది. సూడకున్నా వేలికి తెలుస్తది. "ఇగో, ఇది మనుషులకని చేసిన వస్తువు" అన్నది స్వరాజ్యం. రమేశ్ ఆమెతోని నాలుగు మాటలు మాట్లాడిచ్చి, పట్టిన మాటలను ఇనిపిచ్చిండు.

"ఇది నా గొంతు గాదు. ఎవలదో ముసల్దాని గొంతు పెట్టినవ్."

"తమ గొంతు ఇంటె అందరు గట్లనే అంటరు అవ్వా."

"అందరు గట్లంటున్నరంటె అన్ని మిషిన్లు ఖరాబే అన్నట్టు" అనుకుంటనే కొన్నది.

కొన్నంక మొదలైంది అసలు బాధ. నడుముకు దోపుకునే వక్కల సంచిలనే డబ్బిని ఏసింది. కూరగాయల మార్కెట్ల ఒకామెతోని పోట్లాడి, ఇంటికొచ్చి ఇంటె ఏమున్నది? వక్కలు కరకర, సున్నం డబ్బి టకటక, తాళంచెవులు గలగల. నడుమల ఎక్కడో బాయిల పడ్డ మనిషి ఒర్రినట్టు ఆమె గొంతు. రెండో దినం మీట సందుల సున్నం ఇరికింది. మూడో దినం అంత మంచిగ జేసి మీటను ఎనుకకు జరిపి పోయింది. దినమంత తిరిగినా ఒక్క మాట దొరకలె.

సంధ్య నోరు కొంగుతోని మూసుకున్నది.

"నవ్వు. మూతి నొచ్చేదాక నవ్వు. షెడ్డు పోయినంక నేను దినమంత ఇంట్లనే నీ ముంగట కూసుంట, అప్పుడు సూస్త నీ నవ్వు."

కోడలు నవ్వు ఆపి, సూది దారం తెచ్చిచ్చింది. స్వరాజ్యం పల్చటి నేత గుడ్డతోని చిన్న సంచి కుట్టి, మెడల ఏసుకొని కొంగు కింద దాసుకున్నది. డబ్బికి ఎర్ర లైటు వెలుగుతది గద, దాని మీద సంధ్య బొట్టుబిళ్ల ఒకటి అతికిచ్చింది.

మీటింగు దినం షెడ్డు గడప తొక్కకముందే మీట ముందుకు జరిపింది. ఇగ ఆ దినం ఆమె మాట్లాడిన మాటలు! తక్కిన ఆడోళ్లందరు వంత పాడిన్రు. వెంకటేశం అటు ఇటు సూసి, చెమట తుడుసుకొని, "సరే చిన్నమ్మా, షెడ్డు జోలికి పోము. ఇగ కూసో" అన్నడు. బుక్కు చంకల పెట్టుకొని ఇంటికి పోయిండు.

అతను పోంగనే స్వరాజ్యం ఆడోళ్లను ఆపింది. కొంగు కిందికెల్లి డబ్బి తీసి అందరికి సూపెట్టింది.

"ఇనుండ్రి. ఇగ వాడు కాదంటడా? వాని నోటి మాటే ఉన్నది."

మొదటికెల్లి పెట్టింది. కుర్చీలు జరిపిన సప్పుడు. వెంకటేశం గొంతు: "ముందుగాల సంతకాలు చేసి కూసోండ్రి." ఆమె గొంతు: "తే పెన్ను. నాదే మొదటిది." ఆ ఎనుక, సన్నగ, అయినా సుక్క గూడ పోకుంట, యాదలక్ష్మి గొంతు.

"అక్కా, పేజీ మీద సగం ఖాళీగున్నది. ఏం రాయకముందే సంతకమెందుకు? పోయినసారి గూడ గిదే చెప్పిన."

"ఊకో యాదలక్ష్మీ. సంతకం పెట్టుడు నాకు నేర్పుతవా? జరుగు, బుక్కు మీద నీ నీడ పడుతుంది."

తర్వాత పెన్ను గీసిన సప్పుడు.

స్వరాజ్యం వేలు గబుక్కున మీట మీదికి పోయింది. అందరు గోడ దిక్కు, రేకుల దిక్కు సూసిన్రు. ఆడోళ్లల్ల భవాని ఒక్కతె మాత్రం, "మల్లోసారి పెట్టక్కా, సగమే ఇనవడ్డది" అన్నది.

"ఎందుకు, పాటనా అది?" అని కసిరి, స్వరాజ్యం యాదలక్ష్మి దిక్కు తిరిగింది. "నువ్వు పెద్దగ చెప్పొద్దా? నోట్లకెల్లి మాట బయటికి రావాలంటె పైరవీ చెయ్యాల్నా?"

"చెప్పిన గదక్కా."

"ఎప్పుడు చెప్పినవ్?"

యాదలక్ష్మి డబ్బి దిక్కు వేలు పెట్టింది. "అండ్ల ఉన్నది గద."

స్వరాజ్యం మొఖం ఎర్రబడ్డది. ఇరవై రెండేండ్లు పడుగు ఆ కొసన ఈ మనిషి ఏమేం అన్నదో, తనెన్ని ఇడిసిపెట్టిందో అనుకునేటందుకు గూడ ఆమెకు తీరిక లేదు. బుక్కు వెంకటేశం ఇంట్ల ఉన్నది. అండ్ల పదిహేను సంతకాలు, వాటిమీద సగం పేజీ ఖాళీ. అతనేది రాస్తె అదే వీళ్లు ఒప్పుకున్న మాట.

"లెవ్వుండ్రి. నడువుండ్రి."

పదిహేను మంది పోయి వెంకటేశం ఇంటి వరండ నిండ నిలవడ్డరు. అతను చాయ తాగుకుంట, బుక్కు తెరిచి, పెన్ను మూత తీసిండు. అప్పటికింక ఏం రాయలె. స్వరాజ్యం మాట్లాడలె, డబ్బిని మాట్లాడిచ్చింది. "షెడ్డు జోలికి పోము" అని వెంకటేశం గొంతే వెంకటేశంకు చెప్పింది.

"నేనేమన్న కాదన్ననా చిన్నమ్మా? నలుగురు నాలుగు మాటలంటరు. ఇంటికొచ్చి గుర్తున్నది రాస్త."

"నీకు గుర్తుండేటివన్ని గోదాము దిక్కే ఎందుకుంటయిరా?" అని, డబ్బి మీట ముందుకు జరిపి బల్ల మీద పెట్టింది. "ఇప్పటిసంది అనేది గూడ ఇది ఇంటది. ఆ పేజీకి అడ్డంగ గీత కొట్టు. కొత్త పేజీ తీయి. పాత తీర్మానం రద్దని రాయి. షెడ్డు పడుగు పనికే ఉంటదని రాయి."

వెంకటేశం రాసిండు. రాసి, బుక్కు ఆమె దిక్కు తిప్పి, "ఇగ పెట్టు చిన్నమ్మా, మొదటిది నీదే గద" అన్నడు.

పెన్ను పట్టుకున్న చెయ్యి బుక్కు దాక పోయి ఆగింది.

"సదువు యాదలక్ష్మీ."

యాదలక్ష్మి ఏడో తరగతి దాక సదివింది. బుక్కు పట్టుకొని సదివింది, ఎప్పటిలెక్కనే సన్నగ. స్వరాజ్యానికి సగం ఇనవడలె. పెద్దగ సదువుమని ఒర్రేటందుకు నోరు తెరిచింది. మల్ల మూసుకున్నది. కుర్చీ బరబర గుంజుకొని పోయి యాదలక్ష్మి పక్కన ఏసుకొని, చెవి దగ్గరికి పెట్టి, "మల్ల మొదటికెల్లి" అన్నది.

రెండోసారి అంత ఇన్నంక పెన్ను యాదలక్ష్మి చేతుల పెట్టింది.

"ముందు నువ్వు పెట్టు. నేను కండ్లద్దాలు తేలె."

కండ్లద్దాలు ఆమె ముక్కు మీదనే ఉన్నయి. యాదలక్ష్మి సూసింది. సంతకం పెట్టింది. బల్ల మీద డబ్బి ఇంక నడుస్తనే ఉన్నది. స్వరాజ్యం ఆడిన ఆ అబద్ధం గూడ అండ్ల పడ్డది.