లహైనాలో పరామర్శ

2025 ఫిబ్రవరి. మిషిగన్‌లో మోకాళ్ళ లోతు మంచు పడి ఉండగా, పద్నాలుగు మంది తెలుగువాళ్ళను వెంటబెట్టుకుని హవాయి దీవుల్లోని మౌయికి వెళ్ళాను. నేను అక్కడి ట్రాయ్ అనే ఊళ్ళో పందొమ్మిదేళ్ళుగా ట్రావెల్ ఏజెంట్‌ని. ఎవరి టికెట్లు వాళ్ళే ఫోన్‌లో కొనుక్కునే ఈ రోజుల్లో ఇంకా నీ దగ్గరికెవరొస్తారని అడుగుతుంటారు. గుంపుగా వెళ్ళేవాళ్ళు వస్తారు. ఎవరి గది పక్కన ఎవరి గది ఉండకూడదో, ఎవరు ఉల్లిపాయ ముట్టరో, కిటికీ సీటు దొరక్కపోతే మూడు రోజులు మూతి ముడుచుకునేది ఎవరో ఏ వెబ్‌సైటుకీ తెలియదు. నాకు తెలుసు. దాని మీదే నా బతుకుతెరువు.

మా పనిలో గ్రౌండ్ ఆపరేటర్ అని ఒకరుంటారు. మేం ఇక్కడ కూర్చుని బుక్ చేస్తే, అక్కడ వ్యాన్ తెచ్చి, భోజనం చూసి, ఊరు చూపించేది వాళ్ళు. మౌయిలో నాకు ఆ మనిషి నోయె. అరవై దగ్గర పడింది. ఒకటే వ్యాన్, డ్రైవరూ తనే, గైడూ తనే. ఆ దీవుల్లో కూడా మనలాగే చుట్టరికం ఉన్నా లేకపోయినా పెద్దవాళ్ళను ఆంటీ, అంకుల్ అంటారు. అందుకని మా పిల్లలకి ఆవిడ మొదటి పరిచయంలోనే నోయె ఆంటీ అయిపోయేది. మనవాళ్ళు పది నిమిషాల్లో దిగుతున్నాం అంటే నలభై నిమిషాలని అర్థం చేసుకోవడం కూడా ఆవిడ నేర్చుకుంది. ఎనిమిదేళ్ళలో మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు.

2023 ఆగస్టులో కార్చిచ్చు వచ్చి ఆ దీవి పడమటి తీరంలో ఉన్న లహైనా అనే పాత ఊరు కాలిపోయింది. నోయె ఇల్లు ఆ ఊళ్ళోనే. ఇల్లు పోయింది, ఒక్కగానొక్క అన్నయ్య పోయాడు. వ్యాన్ ఆ రోజు రిపేరు కోసం దీవికి అవతలి వైపు గ్యారేజీలో ఉండబట్టి మిగిలింది. నేను ఫోన్ చేసి ఏడ్చాను. ఏడ్చి ఊరుకున్నానా? హవాయి అంటూ నా దగ్గరికొచ్చిన ప్రతి కుటుంబాన్నీ పక్క దీవులకి మళ్ళించాను. "అక్కడ జనం ఏడుస్తుంటే మనం బీచ్‌లో పడుకుంటామా అండీ?" అని నేనే వాళ్ళకి నీతులు చెప్పాను. అదే మర్యాద అనుకున్నాను. ఏడాది పైన అలాగే గడిచింది.

చివరికి నోయెనే ఫోన్ చేసింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"పద్మా, ఒక్క గ్రూప్‌ని తీసుకురా. నెవాడాలో ఉన్న మా అమ్మాయి వచ్చెయ్యమంటోంది. వ్యాన్ కొనడానికి ఒకతను తయారుగా ఉన్నాడు. ఇక్కడికి మళ్ళీ రావాలని జనానికి ఉందో లేదో ఒక్కసారి నా కళ్ళతో చూసుకోవాలి. ఉందనిపిస్తే ఇక్కడే ఉంటాను. లేకపోతే వెళ్ళిపోతాను."

"పుట్టిపెరిగిన దీవి వదిలేసి ఆ ఎడారిలో ఏం చేస్తావు?"

"బతుకుతాను," అంది.

నెల తిరక్కుండా గ్రూప్‌ని పోగేశాను. బయల్దేరే ముందు మేం అందరికీ బ్రీఫింగ్ షీట్ ఇస్తాం. ఎన్ని కిలోల సామాను, ఎన్నింటికి ఎక్కడ కలవాలి, అలాంటివన్నీ ఉండే ఒక పేజీ. ఈసారి రెండు రోజులు ఆలోచించి తెలుగులో రాశాను. మనం విహారానికి కాదు, పరామర్శకి వెళ్తున్నాం అనుకోండి. మనిషి పోయిన ఇంటికి వెళ్తే ఎలా ఉంటామో అలా ఉండండి. ఫోటోలు వద్దు. నవ్వులు, కేకలు వద్దు. పోయినవాళ్ళ గురించి అడిగి ఆవిడ మనసు కష్టపెట్టవద్దు. వాట్సాప్‌లో పెట్టగానే అందరూ దణ్ణాలు పెట్టారు. నా రాతకి నేనే మురిసిపోయాను.

మా గ్రూపులో పెద్దావిడ రాజ్యలక్ష్మి గారు. డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు ఇక్కడి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పే మనిషి. ఆవిడ కూడా ఆ షీట్ చదివి, "బాగుందమ్మాయ్," అన్నారు.

మౌయిలో మా హోటల్ దక్షిణ తీరంలో. మొదటి రోజు పొద్దున్నే నోయె వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన పూల చొక్కా, చెవి పక్కన పువ్వు. మా పద్నాలుగు మందీ చెప్పిన టైమ్‌కి ఐదు నిమిషాల ముందే కిందికి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా పందొమ్మిదేళ్ళలో అలాంటిది చూడలేదు. నోయె ఒక్కొక్కరి మొహం చూసి నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

లహైనాకి వెళ్ళే రోడ్డు సముద్రం పక్కనే కొండ అంచున పోతుంది. ఫిబ్రవరి తిమింగలాల కాలం. నోయె బండి ఆపి, "అదిగో, అటు చూడండి!" అంది. ఇంటంత తిమింగలం నీళ్ళలోంచి పైకి లేచి దబ్బున పడింది. వెనక సీట్లో కాలేజీ అమ్మాయి "ఓ మై గాడ్!" అని కేక వేయబోయింది. వాళ్ళమ్మ తొడ మీద గిల్లింది. ఒక్క ఫోన్ కూడా పైకి లేవలేదు. నోయె నావైపు చూసింది. పర్వాలేదన్నట్టు తల ఊపాను. ఎంత పద్ధతిగా ఉన్నారో అని లోపల పొంగిపోతున్నాను, నా మొహం.

లహైనాలో చాలాచోట్ల శిథిలాలు ఎత్తేశారు. ఇళ్ళుండే చోట కంకర పరిచిన ఖాళీ స్థలాలు, వాటి మధ్య అక్కడక్కడా లేస్తున్న కొత్త ఇళ్ళ చెక్క చట్రాలు. కొన్ని గేట్లు మాత్రం మిగిలాయి, వెనక ఇల్లు లేకుండా. నోయె ఒక్కో వీధి చెబుతూ వెళ్ళింది. ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపటికి ఆవిడ కూడా చెప్పడం మానేసింది. మధ్యాహ్నం వాళ్ళ కజిన్ నడిపే భోజనాల బండి దగ్గర మాకోసం గుడ్డు, మాంసం తగలకుండా విడిగా వండించింది. మనవాళ్ళు పరామర్శకి వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు కదా. "ఆకలిగా లేదు," అని అందరూ ఒకే మాట అన్నారు. పద్నాలుగు ప్లేట్లూ అలాగే ఉండిపోయాయి.

సాయంత్రం హోటల్ దగ్గర దింపింది. నేను షీట్‌లో రాయనిది కూడా మనవాళ్ళు చేశారు. అలాంటి ఇంటి నుంచి లేచేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పరు. మళ్ళీ అలాంటి పని మీద రావడమన్నది ఉండకూడదని. చెప్పకుండా లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. ఒకరి తర్వాత ఒకరు దిగి, నోయె మొహం చూడకుండా, బై కూడా చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయారు. వెళ్ళి అందరూ తలస్నానాలు చేశారు. ఆ తర్వాత గదుల్లో ట్రాయ్ నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నారు.

గంట తర్వాత లాబీ నుంచి ఫోన్ వస్తే కిందికి వెళ్ళాను. నోయె నిలబడి ఉంది. చెవి పక్కన పువ్వు లేదు.

"ఎల్లుండి మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపడానికి వేరే అతన్ని పంపుతాను. మా అమ్మాయితో మాట్లాడాను. వ్యాన్ ఇచ్చేస్తున్నాను."

"ఏమైంది నోయె? మావాళ్ళెవరైనా ఏమైనా అన్నారా?"

"ఏమీ అనలేదు. పొద్దున్నుంచి ఒక్కరు ఒక్క మాట అనలేదు. నేను పెట్టిన అన్నం తినలేదు. వెళ్తూ నా మొహం చూడలేదు. పద్మా, ఇవాళ ఆ వ్యాన్‌లో చచ్చిపోయింది నేనేనేమో అనిపించింది."

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా అంతా చెప్పబోయాను, మా పద్ధతి అనీ, గౌరవమనీ. ఆవిడ ఓపిగ్గా విని, "సరే, నాకు అర్థమైంది," అని వెళ్ళిపోయింది. అర్థం కాలేదని నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ స్నేహితురాలు సాయం అడిగితే నేను చేసిన నిర్వాకం ఇదీ.

మర్నాడు మాకు ఖాళీ రోజు. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర రాజ్యలక్ష్మి గారు నా మొహం చూసి, "ఏమ్మాయ్, రాత్రంతా ఏడ్చావా?" అన్నారు. దాచడం నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టారు.

"తప్పు నీ ఒక్కదానిదే కాదులే. మేమూ బుర్ర వాడలేదు. ఆవిడ ఇల్లు కాలి ఎన్నాళ్ళయింది?"

"ఏడాదిన్నర."

"నువ్వు మాకు మొదటి రోజు పద్ధతులు చెప్పావు. పదమూడో రోజు పద్ధతులు ఎవరు చెప్తారు?"

ఫోన్ తీసి ఆ షీట్ మళ్ళీ చదువుకున్నాను.

"ఫోన్ కలుపు," అన్నారు. నోయె ఎత్తింది. రాజ్యలక్ష్మి గారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తన ఇంగ్లీషులో, "నోయె, దిస్ ఈజ్ రాజ్యలక్ష్మి. ఓల్డ్ లేడీ, ఫ్రంట్ సీట్. ఎస్టర్‌డే ఐ డిడ్ నాట్ ఈట్ యువర్ ఫుడ్. టుడే ఐ యామ్ హంగ్రీ. యూ కమ్," అని పెట్టేశారు.

వస్తుందో రాదో తెలియదు. పద్నాలుగు మందీ, నేనూ హోటల్ ముందు ఎండలో నిలబడ్డాం. గంటంపావుకి వ్యాన్ వచ్చింది. నోయె కిందికి దిగలేదు. కిటికీ అద్దం మాత్రం దించింది. రాజ్యలక్ష్మి గారు వెళ్ళి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

"మా వాళ్ళ పద్ధతి పద్మ చెప్పింది కదా," అన్నారావిడ.

"చెప్పింది. అలా ఎన్నాళ్ళుంటారు మీరు?"

"పన్నెండు రోజులు. పదమూడో రోజు శుభస్వీకారం అంటాం. బంధువులు వచ్చి ఆ ఇంటివాళ్ళకి కొత్త బట్టలు పెట్టి, గుడికి తీసుకెళ్ళి, తీపి తినిపిస్తారు. ఇక అందరిలో కలవండి, మా ఇళ్ళకి రండి, మేమూ వస్తాం అని చెప్పడం."

నోయె స్టీరింగ్ వైపే చూస్తూ, "నాకు ఏడాదిన్నరగా మొదటి రోజే నడుస్తోంది," అంది.

బండి కదిలాక రాజ్యలక్ష్మి గారు అడిగారు. నా షీట్‌లో అడగవద్దని రాసిన మాటే. "మీ అన్నయ్య పేరేంటమ్మా?"

వెనక సీట్లోంచి ఆవిడ భుజం తట్టి ఆపబోయాను.

"కావిక," అంది నోయె. అంతే, ఇక ఆగలేదు. పడవ ఇంజన్లు రిపేరు చేసేవాడట. పాటంటే ప్రాణం, గొంతు మాత్రం గాడిద గొంతట. చర్చిలో ఆయన పక్కన నిలబడటానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదట. ఆ రోజు పక్కింటి ముసలాయన్ని బయటికి తేవడానికి వెనక్కి వెళ్ళాడట. అది చెబుతూ బండి పక్కకి ఆపి ఏడ్చింది. ఊరుకోమని ఎవరూ అనలేదు. రాజ్యలక్ష్మి గారు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. మా వెనక సీట్లలో కూడా ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు.

కజిన్ బండి దగ్గర మనవాళ్ళు రెండేసి ప్లేట్లు తిన్నారు. నోయె మా కందిపొడి అన్నంలో కలుపుకుని, దగ్గి, మళ్ళీ వేసుకుంది. రాజ్యలక్ష్మి గారు తన సంచిలోంచి కొత్త శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పి, బెల్లం ముక్క నోట్లో పెట్టారు. మంత్రం లేదు, తంత్రం లేదు. తిరుగుదారిలో తిమింగలం లేచినప్పుడు ఆ కాలేజీ అమ్మాయి వేసిన కేకకి నోయె కూడా ఉలిక్కిపడింది.

మూడో రోజు ఎయిర్‌పోర్టుకి నోయెనే తీసుకొచ్చింది. సామాను దింపాక మనవాళ్ళు ఒక్కొక్కరూ కౌగిలించుకుని, "వెళ్ళొస్తాం ఆంటీ," అంటున్నారు. అంటే ఏమిటని నన్ను అడిగింది. వెళ్ళి మళ్ళీ వస్తామని, అన్నాను.

"ఎప్పుడు?" అంది.

తెలుగువాళ్ళు ఒకరినొకరు ఆ ప్రశ్న అడగరు. పక్కింటి నుంచి కదిలినా వెళ్ళొస్తామనే అంటాం, అలవాటుగా. ఆవిడ నిజంగా అడిగింది. అందరూ నావైపు చూశారు. చూద్దాంలే అనబోయాను. మా వృత్తిలో చూద్దామంటే రాబోమనే అర్థం. ఎంతమందికి ఆ మాట చెప్పి తప్పించుకున్నానో నాకు తెలుసు.

"నవంబరులో, థాంక్స్‌గివింగ్ వారం," అన్నాను. "ఎంతమందో ఇప్పుడే చెప్పలేను. నేను మాత్రం వస్తాను."

నోయె ఏ మాటా ఇవ్వలేదు. తల ఊపి బండెక్కింది.

బాధలో ఉన్నవాళ్ళకి దూరంగా ఉండటం మర్యాద అని ఏడాదిన్నర పాటు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి అక్కడికి వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక భయపడ్డాను. ఆ భయానికి మా పద్ధతుల పేరు పెట్టి పద్నాలుగు మంది చేత కూడా చేయించాను. పోయిన మనిషి పేరు అడగాలి, పెట్టింది తినాలి, మళ్ళీ వస్తామంటే ఎప్పుడో చెప్పాలి. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు పందొమ్మిదేళ్ళ సర్వీసు పట్టింది.

నవంబరులో పదకొండు మందితో దిగాను. నోయె బయట వ్యాన్ పక్కన నిలబడి ఉంది. ఇల్లు ఇంకా లేవలేదు, అద్దె ఇంట్లోనే ఉంది. సామాను ఎక్కిస్తూ, మామూలుగా చెప్పింది.

"ఆ వ్యాన్ కొంటానన్నతను మేలో మళ్ళీ వచ్చాడు. కుదరదు, నవంబరులో నాకు పనుందని చెప్పాను."