తుపాను పటంలో సన్నని గీత

బిట్రగుంట నుంచి జువ్వలదిన్నె వెళ్లే బస్సులో కూర్చొని, ఫోన్‌లో ప్రభుత్వం వారి తుపాను వెబ్‌సైట్ తెరిచాను. ఊళ్లు, దారులు, తుపాను షెల్టర్లు అన్నీ పటంలో ఉన్నాయి. "గవర్నమెంటోళ్లు బాగానే గీశారే" అన్నాను పైకే.

పక్క సీట్లో, ఖాళీ చేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకున్న ఆమె నవ్వింది.

"వాళ్లు యాడ గీసినారన్నా? ఈ పటం ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. మా పాలెం మా ఆడోళ్లమే ఫోన్లలో గీసినాం. గవర్నమెంటోళ్లు అదే తీసి పెట్టుకున్నారు."

తడి వేలు కొంగుకు తుడుచుకొని, తెర మీద పాలేన్ని పెద్దది చేసి చూపించింది. ఇళ్ల మధ్య నుంచి సముద్రానికి పోయే సందు ఒక్కటీ వదల్లేదు.

"మొదట ఈ సందులు గీసి, అయిపోయిందనుకున్నాం. షెల్టర్‌కి పోయే దారే మర్చిపోయినాం! పొద్దున లేస్తే మా కాళ్లు సముద్రం దిక్కే కదన్నా పోయేది. మా అత్త చూసి, 'గాలివాన వస్తే యాడికి పోతారే?' అని తిట్టింది. అప్పుడు గీసినాం, ఇదిగో."

ఒక సన్నని గీత మీద వేలు ఆపింది.

"పోయిన తుపానుకి వేరే ఊరి డ్రైవరు దీన్నే చూసుకుంటా, మమ్మల్ని షెల్టర్‌కి తీసకపోను బస్సు తెచ్చినాడు. అంత వానలో ఎవర్నీ దారి అడగలా. మా అత్తనే ముందు ఎక్కించినాం."

తన ఊరు రాగానే గంప చంకనెత్తుకొని దిగిపోయింది. పేరు అడగడం నాకు తోచలేదు.

ఆ పటం మూలన చిన్న అక్షరాల్లో 'గీసినవారు: ప్రజలు' అని ఉంటుంది. ఆ వెబ్‌సైట్ ఎప్పుడు తెరిచినా, ఇప్పుడు నేను ముందు చదివేది ఆ మాటే.