ఎక్స్‌పైరీ దాటిన కాఫీ డబ్బా

2023, సౌదీలోని ధహ్రాన్. ఒక ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీలో ఆర్ట్ హ్యాండ్లర్‌గా నాకది రెండో ఏడు. ఆర్ట్ హ్యాండ్లర్ అంటే కళాఖండాలను పెట్టెల్లోంచి తీసి, నిలబెట్టి, ప్రదర్శన అయ్యాక మళ్లీ పెట్టెల్లో సర్దేవాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కళారంగంలో ఉన్నానని చెబుతాను. అబద్ధమేం కాదు, ప్రతి రంగంలోనూ సామాన్లు మోసేవాళ్లుంటారు.

ఆ చలికాలం లీన్ అనే ఆర్టిస్టు ప్రదర్శన వచ్చింది. సిరియా వదిలి జర్మనీలో స్థిరపడ్డ దంపతుల కూతురు. వాళ్లమ్మ వంటింటి అల్మారాను ఉన్నదున్నట్టు తెచ్చి నిలబెట్టింది. టీ పొట్లాలు, నెయ్యి డబ్బాలు, సబ్బులు. అన్నీ సొంతదేశం నుంచి వచ్చే చుట్టాలు సూట్‌కేసుల్లో మోసుకొచ్చినవే. పరాయి గడ్డ మీద ఒక అరబ్ ఇల్లు తానెవరో మరిచిపోకుండా ఎలా కాపాడుకుందో చెప్పే ఇన్‌స్టలేషన్ అది. ఇన్‌స్టలేషన్ అంటే వస్తువుల అమరికే కళ.

మధ్య అరలో ఒక కాఫీ డబ్బా. పైన కంపెనీ బొమ్మ ఉన్నా, లోపలిది వాళ్లమ్మ పోయేముందు ఇంట్లో వేయించి, యాలకులు కలిపి దంచిన పొడి. వచ్చినవాళ్లు మూత తీసి వాసన చూడాలి. "అమ్మ చేతిది ఇక ఇదొక్కటే మిగిలింది," అని లీన్ నాతో, మేనేజరుతో ఇంగ్లీషులో చెప్పింది.

అప్పుడే మా టీములో ఖాదర్ భాయ్ చేరాడు. ప్రొద్దుటూరు మనిషి. అంతకుముందు ఏళ్ల తరబడి దగ్గర్లోని ఖతీఫ్ ఊళ్లో ఒక బఖాలాలో, అంటే కిరాణా కొట్టులో, పనిచేశాడు. అక్కడ తేదీ దాటిన సరుకు అరలో కనబడితే బలదియావాళ్లు, అంటే మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్లు, జరిమానా వేస్తారు.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున వెళ్లేసరికి అల్మారా తళతళలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూశాను.

"ఏమి సీనా, అట్ల చూస్తాండావు?" అన్నాడు ఖాదర్ భాయ్. "అన్నీ డేటు అయిపోయినేవే పెట్టినారప్పా! హైపర్‌మార్కెట్‌కు పోయి అదే కంపెనీ, అదే సైజు తెచ్చి సర్దినా. పాతేవి పారేసినా."

"గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దన్నాం కదా భాయ్!" ఆ క్షణంలో నా నోటికి వచ్చింది అదొక్కటే.

"ఏసుకునే పారేసినా."

"ఇది గ్యాలరీ భాయ్. బలదియావాళ్లు ఇక్కడికెందుకొస్తారు?"

"ఖతీఫ్‌లో గూడా రారనే అనుకుంటిమి."

కాఫీ పొడి సంగతి చెప్పాను. ఖాదర్ భాయ్ అక్కడే ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. "వాళ్లమ్మ చేసిందా? నాకెవరు చెప్పినార్రా?"

ఎవరూ చెప్పలేదు. చెత్త లారీ అప్పటికే వెళ్లిపోయింది. వ్యాన్‌లో వెంటబడితే డంపింగ్ యార్డు గేటు దగ్గర దొరికింది. పాకిస్తానీ డ్రైవరు జాలిపడి వెనక తలుపు ఎత్తి చూపించాడు. లోపలి యంత్రం అంతా నొక్కి ఒకే ముద్ద చేసేసింది. ఖాదర్ భాయ్ అయినా చెయ్యి పెట్టి వెతికాడు. ఈసారి గ్లోవ్స్ లేవు.

లీన్‌కు తనే చెప్పుకుంటానన్నాడు. నేను ఇంగ్లీషులోకి మార్చాను. వాతావరణం తేలిక చేయడానికి ఒక జోకు సిద్ధం చేసుకున్నాను గానీ, ఆమె ముఖం చూశాక మింగేశాను. ఆమె అరవలేదు. కొత్త డబ్బా మూత తీసి చాలాసేపు వాసన చూసింది.

"బాగుంది," అంది. "మా అమ్మ ఎప్పుడూ కొంచెం మాడ్చేది."

సాయంత్రం అతిథులు వచ్చారు. మూత తీసి కళ్లు మూసుకున్నారు. ఒక పెద్దాయనకైతే తల్లి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. లీన్ అందరికీ థ్యాంక్స్ చెప్పింది. ఆ డబ్బా అందరి అమ్మల్నీ గుర్తుచేసింది, లీన్ వాళ్లమ్మను తప్ప.

వస్తువును ఎలా పట్టుకోవాలో మనిషికి నేర్పితే సరిపోదు, అది ఎవరిదో, లోపల ఏముందో అతని భాషలో చెప్పాలి. ఇప్పుడు పెట్టె తెరిచేముందు అందరికీ చెబుతున్నాను. నేర్చుకోవడం ఒక్క రోజే ఆలస్యమైంది.